గాయపాకు సీసా

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
8-7-1979

బావమరిది సన్యాసికి,

బావ కూర్మారావు దీవెనలు. మీ అక్క బంగారమ్మ, మా అబ్బాయి సీతారాం, నేను బాగున్నాం. వానలు పట్టాయి. వీధిలో సగం నీళ్ళు, సగం కార్ఖానా మసి. రెండూ కలిసి రోజూ గుమ్మం దాకా వచ్చి పలకరించి పోతున్నాయి.

నీ ఉత్తరంలో గొప్పలు చదివాను. మీ కాలేజీ ల్యాబులో మేడమ్ గారు వేప, తులసి, ఉమ్మెత్త పసర్లు తీసి, పుళ్ళలో ఉండే క్రిముల మీద వేసి, ఏది చంపుతుందో చూస్తున్నారనీ, ఆ గాజు పళ్ళేలన్నీ నీ చేతి మీదుగానే నడుస్తాయనీ రాశావు. నడవక ఏం చేస్తాయి, కడిగేవాడివి నువ్వే కదా. వడ్డించేవాడే వండినట్టు రాసుకున్నావు. పోనీలే, అటెండరు ఉద్యోగమైనా కోటు తొడుక్కుని చేస్తున్నావు. నేను గమ్హరియా కార్ఖానా ఫస్ట్ ఎయిడ్ గదిలో కట్లు కట్టే డ్రెస్సర్నై ఇరవై ఎనిమిదేళ్ళైనా ఖాకీ చొక్కా వదల్లేదు.

ఇక అసలు సంగతి. మా దగ్గర పోలరాజు అని బొబ్బిలి వైపు మనిషి, రేకు కోసే మిషను మీద పని. రేకంచు తగిలి అరచెయ్యి చీరుకుపోయింది. కడిగి కట్టు కట్టాను. నాలుగో రోజుకి చీము పట్టింది. అప్పుడు రైలు కట్ట పక్కన గాయపాకు కోసి, నలిపి, పసరు పిండాను. చిన్నప్పుడు పలకలు నల్లబడడానికి రుద్దేవాళ్ళం చూడు, పసుపు బొడ్డు పువ్వు పూసేది, ఆ ఆకే. తొమ్మిది రోజుల్లో చెయ్యి మానింది. వారానికోసారి వచ్చే డాక్టరు బాబు అది విని, అందరి ముందూ, “కూర్మారావ్, యే జంగల్ కా దవాయీ బంద్ కరో”, ఈ అడవి మందు ఆపు అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను కట్టు కట్టిన వాళ్ళు కూడా నవ్వారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకని ఆకు నీళ్ళలో కాచి, వడగట్టి సీసాలో పోశాను. పోలరాజు గురువారం ఊరు వెళ్తూ నీకు అందిస్తాడు. అంతవరకు సీసా వంటింట్లో మీ అక్క కాపలాలో ఉంటుంది. నీ పళ్ళెంలో వేసి ఏమైందో ఉన్నదున్నట్టు రాయి. బావ కదా అని దాచకు.

కూర్మారావు

తమ్ముడూ, కింద చోటు మిగిలిందని కాగితం లాక్కున్నాను. నా కాలికి చెప్పు కరిచి చిన్న పుండు పడింది. ఆస్పత్రికి వెళ్తే షుగరు ఉందన్నారు, మందులిచ్చారు. బెంగ పెట్టుకోకు. అందరూ నవ్విన దగ్గర్నుంచీ మీ బావకి నిద్ర లేదు. ఆయన మాట నెగ్గాలిరా. నువ్వే చూడాలి.
అక్క

విశాఖపట్నం
27-7-1979

బావకి,

సన్యాసిరావు నమస్కారాలు. పోలరాజు వచ్చాడు. సీసా కంటే ముందు అరచెయ్యి చూపించాడు. మా ఆవిడ పెట్టిన పెసరట్లు ఆ చేత్తోనే ఆరు తిన్నాడు కాబట్టి పూర్తిగా మానినట్టే.

అక్కకి చెప్పు, నెగ్గించడం నా చేతిలో లేదు. పళ్ళెంలో క్రిములకి మన చుట్టరికం తెలీదు. అది చదివి నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. తమ్ముడంటే దొంగ లెక్కలు రాసేవాడనుకుందా?

ఎలా చేస్తామో చెప్తాను, నీ ఎగతాళి కాస్త తగ్గుతుంది. సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు కాచి పళ్ళెంలో పోస్తే తాటిముంజలా గడ్డకడుతుంది. దాని మీద చీములోంచి తీసిన క్రిముల్ని దూదితో పూస్తాం. మధ్యలో ఎనిమిది మిల్లీమీటర్ల గుంత చేసి, అందులో మందు చుక్కలు వేసి, ఒంటి వేడి ఉండే పెట్టెలో ఒక రోజు ఉంచుతాం. మర్నాటికి క్రిములు పళ్ళెమంతా మసక పొరలా పెరుగుతాయి. మందులో సత్తా ఉంటే గుంత చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఎంత ఖాళీ ఉంటే అంత సత్తా.

మేడమ్ గారు సెలవులో ఉన్నారు. మిగిలిన పళ్ళేల్లో నేనే వేశాను, ఇన్నేళ్ళు చూసిన చెయ్యి కదా. గుంతతో కలిపి కొలిస్తే వేపకి పన్నెండు మిల్లీమీటర్లు వచ్చింది. తులసికి పదమూడు. నీ సీసాకి ఇరవై ఆరు. స్కేలు మూడుసార్లు పెట్టి చూశాను. మేడమ్ వచ్చేదాకా ఆగుదామనుకున్నాను గానీ చెయ్యి ఊరుకోలేదు. బావా, నీ ఆకు మందే. నవ్వినవాళ్ళకి ఈ ఉత్తరం చూపించు.

అక్క కాలు ఎలా ఉంది? మందులు సరిగ్గా వేసుకుంటోందా?

సన్యాసిరావు

బర్మామైన్స్
14-8-1979

మా బంగారు బావమరిదికి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగి తిరిగి మడతల దగ్గర చిరిగింది. అట్టకి అంటించి ఫస్ట్ ఎయిడ్ గది గోడకి తగిలించాను. డాక్టరు బాబుకి తెలుగు రాదు కదా, ఒక్కో వాక్యం నేనే హిందీలో చెప్పాను. అంతా విని “అచ్ఛా” అన్నాడు. ఆ ఒక్క అచ్ఛా కోసం నేను ఇరవై ఎనిమిదేళ్ళు ఆగానని అప్పుడే తెలిసింది. ఇప్పుడు చేతికి గీరుకున్నవాడల్లా “కూర్మా దాదా, ఛబ్బీస్ నంబర్ వాలా లగా దో”, ఇరవై ఆరో నంబరు మందు రాయమని అంటున్నాడు. మందుకి పేరు కూడా పెట్టేశారు.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను, మీ అక్క పుండు ఇంకా మానలేదు. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు అయిపోయాయి, మళ్ళీ రమ్మన్నారు. ఇరవై ఆరు మిల్లీమీటర్ల మందు ఇంట్లో పెట్టుకుని ఆ వరసలో నిలబడడం ఎందుకు? రోజూ పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు పీట వేసుకుని, పుండు కడిగి, పసరు పిండి, నేనే కట్టు కడుతున్నాను. సీతారాంకి ఇది నచ్చలేదు. “బాబూజీ, మా కో అస్పతాల్ దిఖా దో”, అమ్మని ఆస్పత్రిలో చూపించమని ఒకటే గోల. వాడితో తెలుగులో మాట్లాడితే హిందీలో దెబ్బలాడతాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను, నోరు మూశాడు. మీ అక్క అయితే, “నాకు మీ ఆకే సాలు, ఇంకెక్కడికీ రాను” అనేసింది. చూశావా, మీ ఇంటి ఆడపిల్లకి ఉన్న నమ్మకం.

మేడమ్ గారికి చూపించడానికి కొత్త సీసా పంపిస్తున్నాను. ఈసారి కార్ఖానాలోనే కాచి, మూత మీద ప్లాస్టరు అంటించి, వాల్తేరు వెళ్ళే లారీ డ్రైవరుకి ఇచ్చాను. ఆవిడ చేత ముద్ర వేసిన కాగితం ఒకటి రాయించు.

మీ బావ

విశాఖపట్నం
4-9-1979

బావకి,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు తీసుకున్నాను.

మేడమ్ గారు వచ్చారు. కొత్త సీసా వేశాం. పదకొండు వచ్చింది. గుంతే ఎనిమిదని చెప్పాను కదా, అంటే ఉన్న సత్తా మూడు. పాత సీసా అడుగున మిగిలింది వేస్తే మళ్ళీ ఇరవై ఆరు. ఒకే ఆకుకి రెండు లెక్కలు ఎలా వస్తాయని ఆవిడ అడిగారు. నాకేం తెలుసు? అప్పుడు ఆవిడ ఇంకో పని చేశారు. మా దగ్గర టెట్రాసైక్లిన్ మందుకి లొంగని క్రిమి ఒకటి ఉంది. దాని మీద పాత సీసా వేస్తే పదకొండే వచ్చింది. అంటే పాత సీసాలో ఆకుతో పాటు టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రల పొడి కూడా కలిసింది. క్రిముల్ని చంపింది అది.

“ఎవరయ్యా ఈ మనిషి, నీకు ఏమవుతాడు?” అని అడిగారు. మా బావ అన్నాను. ఆవిడ నా చేతిలోంచి స్కేలు తీసుకుని పక్కన పెట్టారు. తిట్టినా బాగుండేది.

బావా, నీకు నవ్వులాటే కావచ్చు. నీ గదిలో మాత్రల బీరువా తాళం నీ దగ్గరే ఉంటుంది. రెండు మాత్రలు విప్పి పోస్తే బావమరిది కనిపెట్టలేడని అనుకున్నావా? నా చేత అబద్ధం రాయించావు, దాన్ని గోడకి కట్టావు. అక్క నన్ను నెగ్గించమని రాసినప్పుడే నాకు అనుమానం రావలసింది.

అది పోనీ. అక్కకి షుగరు ఉంది. పళ్ళెంలో పని చేసిన మందే కాల్లో పని చేస్తుందని చెప్పలేమట. పని చెయ్యని ఆకు అసలు చెయ్యదు. ఈ ఉత్తరం అందిన రోజే కట్టు విప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళు.

సన్యాసిరావు

బర్మామైన్స్
12-9-1979

సన్యాసిరావు గారికి,

మీ ఉత్తరం అందింది. బీరువా తాళం నా నడుముకి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంది. మొన్న సోమవారం స్టోరు బాబుని కూర్చోబెట్టి మాత్రలన్నీ లెక్క పెట్టించాను. ఒక్కటి తగ్గలేదు. కావాలంటే ఆయన సంతకం పంపిస్తాను.

పదకొండుకి ఇరవై ఆరు అని రాసింది మీరు. స్కేలు పట్టుకోవడం రాకపోతే రాలేదని రాయవలసింది. దొంగతనం అంటగట్టేముందు, మీ అక్కని ఏ ఇంట్లో ఇచ్చారో ఒక్కసారి గుర్తు చేసుకోవలసింది.

మీ అక్క క్షేమం. నొప్పి లేదంటోంది. ఆమెని ఎలా చూసుకోవాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
కె. కూర్మారావు, డ్రెస్సర్

విశాఖపట్నం
20-9-1979

బావకి, అక్కకి,

తప్పు నాదే. నువ్వు దొంగవని నేను అనుకోలేదు బావా. మేడమ్ గారి ముందు తల కొట్టేసినట్టై, ఆ ఉక్రోషం నీ మీద చూపించాను. తిట్టు. గారు అని మాత్రం రాయకు. అది చదివి మా ఆవిడ కూడా ఏడ్చింది.

కానీ నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నా ప్రాణం ఆగిపోయింది. నొప్పి లేదంటోందని రాశావు. రెండున్నర నెలల పుండుకి నొప్పి లేకపోవడం ఏమిటి? మేడమ్ గారిని అడిగాను. షుగరు ఉన్నవాళ్ళకి కాల్లో స్పర్శ పోతుందట, లోపల కుళ్ళుతున్నా తెలీదట. వేలు పెట్టి నొక్కి చూడు. రంగు చూడు. వాసన చూడు. ఈ పని నాకంటే నీకు బాగా తెలుసు.

ఇంకొక్కటి. అక్కా, నువ్వే జవాబు చెప్పు. ఆస్పత్రిలో నీకు ఇచ్చినవి ఏ మాత్రలు? అన్నీ వేసుకున్నావా? వేసుకున్నా మానలేదంటే వేరే మందు ఇవ్వాలి, అందుకని అడుగుతున్నాను.

వెంటనే రాయండి. మీ ఇద్దరి తర్వాత నాకు పెద్దవాళ్ళు ఎవరూ లేరు.

సన్యాసి

ఆస్పత్రి వరండా
3-10-1979

సన్యాసీ,

మీ అక్క బతికే ఉంది. ముందు అది చదువుకుని, తర్వాత మిగతాది చదువు.

నీ మీద కోపంతో ఉత్తరం ఒక రోజు విప్పలేదు. మర్నాడు పొద్దున్న కట్టు విప్పబోతూ, మీ అక్క పుట్టింటి ఉత్తరం ఆమెకే వినిపించాలి కదా అని పైకి చదివాను. మాత్రలన్నీ వేసుకున్నావా అన్నచోట ఆమె తల దించేసుకుంది. మళ్ళీ చదివాను.

“అయి నాను మింగలేదు,” అంది.

“మరేటి చేశావు?”

“పోలరాజు తీసుకెళ్ళిన సీసాలో యేసీసినాను. గొట్టాలు ఇప్పి, పొడి కలిపీసినాను. పద్దెనిమిది.”

ఎందుకే అంటే ఏమందో తెలుసా? “ఇక్కడ అందరూ నవ్వినారు. రేపు నా తమ్ముడు కూడా నవ్వితే మీరు తట్టుకోగలరేటి? నాను మింగితే నా కాలికే పని చేత్తాయి. సీసాలో యేత్తే మీ మాటకి పని చేత్తాయని యేసినాను.”

నా ఉత్తరం కింద ఆమె నీకు రాసిన ముక్క కూడా అందుకేరా. అబద్ధం రాయమని కాదు, సీసాలో ఏదో తేడా కనిపిస్తే తమ్ముడు గుట్టుగా ఉంచుతాడని ఆమె ఆశ. మనిద్దరం ఒకరినొకరు దొంగ అనుకుంటూ ఉంటే, మధ్యలో తను నోరు మూసుకుని కూర్చుంది.

కట్టు విప్పి నొక్కాను. తెలుస్తోందా అన్నాను. “ఏటీ తెలీదు. అందుకే కదా నొప్పి లేదన్నాను,” అంది. చిటికెన వేలు నల్లబడింది. కార్ఖానాలో ఇలాంటి కాలు ఎవడిదైనా చూస్తే ఆ క్షణమే పంపించేసేవాణ్ణి. ఇంట్లో కాలు రోజూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూడా చూడలేదు. నా ఆకు ఎప్పుడు గెలుస్తుందా అనే చూశాను.

సీతారాం రిక్షా తెచ్చాడు. వాళ్ళమ్మని ఎత్తుకుని కూర్చోబెట్టి, నా వైపు తిరిగి, “చలియే బాబూజీ” అన్నాడు. అంత మర్యాదగా వాడు నాతో ఎన్నడూ మాట్లాడలేదు. దానికంటే కొట్టినా నయం.

రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో పది రోజులు ఆలస్యమైతే పాదం పోయేదన్నారు. మత్తు దిగాక ఆమె అడిగిన మొదటి మాట, సన్యాసి ఉద్యోగానికి ఏమీ కాలేదు కదా అని.

నిన్న డ్యూటీకి వెళ్ళి గోడ మీద ఉత్తరం తీసేశాను. నవ్విన వాళ్ళందరినీ పిలిచి జరిగింది చెప్పాను, డాక్టరు బాబు కూడా ఉన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన తన కుర్చీ ఇటు జరిపి, “బైఠో, కూర్మారావ్” అన్నాడు. కూర్చున్నాను.

నిన్ను గారు అన్నందుకు సిగ్గుగా ఉంది. మర్చిపో.

బావ

విశాఖపట్నం
15-10-1979

బావకి,

ఇరవై ఆరు అని రాసిన చెయ్యి నాది. మేడమ్ వచ్చేదాకా ఆగి ఉంటే, మామూలుగా ఇంకో గుంతలో ఉత్త నీళ్ళు వేసి పోల్చి చూసినట్టే ఇంకో ఆకు సీసా అడిగి పోల్చి ఉంటే, అక్కకి పది వేళ్ళూ ఉండేవి. నువ్వు ఒక్కడివే మోయకు. సగం నాది.

నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. మేడమ్ గారికి అంతా చెప్పాను. ఆవిడ తన పుస్తకంలో గాయపాకు అని రాసి, ఎదురుగా పదకొండు వేసుకున్నారు. “కొద్దిగా ఉంది, లేదని అనలేం. గీరుకుపోయిన చేతికి పనికొస్తుందేమో. మీ అక్కగారి కాలికి మాత్రం కాదు,” అన్నారు. పోలరాజు చెయ్యి ఆకు వల్ల మానిందో, నువ్వు రోజూ శుభ్రంగా కడగడం వల్ల మానిందో తనకి తెలీదన్నారు. ముద్ర వెయ్యలేదు గానీ ఉన్నదున్నట్టు రాశారు.

అక్కని ఒక్కటి అడగాలని ఉంది బావా. మాత్రలు ఇచ్చేసింది సరే, అది జూలైలో. కాలు అలా పాడవుతుంటే ఆగస్టులో, సెప్టెంబరులో ఎందుకు ఆస్పత్రికి వెళ్ళనంది? కొడుకు రమ్మంటున్నా ఎందుకు నీ ఆకే చాలంది? అప్పటికి నీ మాట నెగ్గేసింది కదా. నాకు అది అర్థం కావడం లేదు.

సన్యాసి

బర్మామైన్స్
16-12-1979

సన్యాసికి,

దీవెనలు. రెండు నెలలు రాయలేదని కోప్పడకు. చలి ముదిరింది, పొద్దున్నే పొయ్యిల పొగ వీధి మీదే పడుకుంటోంది. మీ అక్కని ఇంటికి తెచ్చి అయిదు వారాలైంది. కర్ర పట్టుకుని నడుస్తోంది. పప్పుచారులో అన్నం తగ్గించమంటే నా మీదే కేకలేస్తోంది, కాబట్టి ఒంట్లో బలం వచ్చినట్టే. మాత్రలు నా ఎదురుగా మింగాలి. మింగి, నోరు తెరిచి చూపించాలి. అయినా నేను కొంగు ముడి కూడా విప్పించి చూస్తాను. “ఇంక నమ్మరేటి?” అంటుంది. నమ్మను అంటాను.

నువ్వు అడిగిన ప్రశ్న ఆమెని అప్పుడే అడిగాను. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. ఇంటికొచ్చాక, కార్ఖానాలో చేసినట్టే ఆస్పత్రివాళ్ళ మందుతో రోజూ నేనే కట్టు కడుతున్నాను కదా, ఒక రోజు కాలు నా ఒళ్ళో ఉండగా తనంతట తనే చెప్పింది. ఆమె మాటలే రాస్తున్నాను.

“ఇరవై ఎనిమిదేళ్ళు ఊర్లో అందరికీ కట్లు కట్టినారు. నాకు జొరమొచ్చినా, చెయ్యి కాలినా, ఆ డబ్బాలో మందుంది రాసుకో అనీసి డ్యూటీకి ఎలిపోనారు. ఈ పుండు వచ్చినాక రోజూ పొద్దున్న నా కాలు ఒళ్ళో ఎట్టుకుని కూకున్నారు. ఆస్పత్రికి ఎలితే ఆ నర్సు కడతాది. మానిపోతే మీరు మానేత్తారు. అందుకే ఎలనన్నాను.”

సన్యాసీ, ఇది విన్నాక నీకు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. నేను మంచి మొగుణ్ణనే అనుకుంటూ వచ్చాను. జీతం చేతికిచ్చాను, తాగలేదు, మీ అక్క మీద చెయ్యెత్తలేదు. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు. ఆమె ముందే ఏడ్చాను. ఏడవకండి, సీతారాం వత్తాడు అంది.

పుండు మొన్న పూర్తిగా మానింది. ఆస్పత్రిలో చూసి, ఇక కట్టు అక్కర్లేదన్నారు. నిన్న పొద్దున్న నేను మామూలుగా లేచి, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చుకుని, పీట వేసుకుని కూర్చున్నాను.

“మానిపోనాది కదా, ఇంకేటి?” అంది.

కాలు ఇలా పెట్టు, అన్నాను.

బావ